పీతలకు పరదా కట్టిన ప్రయాణం

తొమ్మిది రోజులు నా స్టూడియోకి తాళం వేసి ఉండేసరికి ఏలూరులో తలో మాటా అనుకున్నారట. నాకు కామెర్లు వచ్చాయని కొందరు, మద్రాసులో సినిమా పని దొరికిందని మరికొందరు. తిరిగొచ్చి, నెల్లూరు సముద్రపు ఒడ్డున పీతల్ని ఫోటో తీయడానికి వెళ్ళానని చెబితే ఎవరూ నమ్మలేదు. మా ఆవిడ ఇప్పటికీ సగమే నమ్మింది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా వృత్తి మీకు తెలిసిందే. పెళ్ళికొడుకుల్ని తాజ్‌మహల్ పరదా ముందు నిలబెడతాను, పసివాళ్ళని చెక్క చందమామ మీద కూర్చోబెడతాను. అది పొట్టకూటికి. నా పిచ్చి వేరు. జర్మనీ కెమెరాకి హార్మణీ తిత్తిలాంటి బెలోస్ తగిలించి చీమను ఏనుగంత చేసి చూడటం నా పిచ్చి. కిందటేడు బెజవాడ ప్రదర్శనలో నా తూనీగ ఫోటో పెట్టారు. గులాబీ మీద వాలిన తూనీగ, పక్కన మంచుబొట్టు. చూసినవాళ్ళంతా ఎన్ని గంటలు కాపు కాశావని అడిగారు. కాపు లేదు, ఏమీ లేదు. ఆ తూనీగ ముందు రోజే చచ్చిపోయింది. దాన్ని బంకతో అతికించాను. మంచుబొట్టు గ్లిజరిను. స్టూడియోలో గాలి వీచదు, వెలుతురు మనం చెప్పినచోట పడుతుంది, మోడలు కదలదు. ఫోటో అంటే అలాగే తీయాలని నా నమ్మకం.

ఆ ఫోటో చూసి కావలి నుంచి ఆనందరావు మాష్టారు ఉత్తరం రాశారు. ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతారు. సముద్రపు ఒడ్డున ఉండే చిన్న ప్రాణుల గురించి పిల్లల కోసం పుస్తకం రాస్తున్నారు. బొమ్మలు నేను తీసిపెట్టాలి. పన్నెండేసి ఫోటోలు పట్టే రెండు ఫిల్ము రీళ్ళు, ఫ్లాషు బల్బులు, విడదీసి మళ్ళీ బిగించుకునే చెక్కపెట్టె ఒకటి సర్దుకుని మాఘమాసంలో బయల్దేరాను.

కావలి

మాష్టారి ఇల్లు చర్చి వెనకవీధిలో. మనిషి సన్నంగా, తెల్లటి జుబ్బాలో, మాట్లాడేటప్పుడు సుద్దముక్క పట్టుకున్నట్టు వేళ్ళు పెట్టి మాట్లాడతారు. ఆయన భార్య మధ్యాహ్నం చేపల పులుసు వడ్డించి, ఇది నిన్నటిదని గొప్పగా చెప్పారు. మా ఏలూరులో చుట్టానికి నిన్నటి కూర పెడితే ఆ చుట్టం మళ్ళీ గడప తొక్కడు. ఇక్కడ చుట్టం వస్తున్నాడని ముందురోజే వండి ఉంచుతారట, పులుసు ముక్కకు పట్టాలని. రెండో ముద్దకే నేను నెల్లూరు పక్షం అయిపోయాను.

మాష్టారు జాబితా ఇచ్చారు. ఇసుకలో పరుగెత్తే ఎర్రపీత, బురదలో గెంతే చేప, గుల్లను వీపున మోసే పీత. అన్నిటికన్నా ముఖ్యం, ఒక చెయ్యి చిన్నదీ ఒక చెయ్యి ఒంటికన్నా పెద్దదీ ఉండే బురదపీత. అది ఆ పెద్ద చెయ్యి ఎత్తి ఆడపీతను పిలుస్తుందట. పుస్తకంలో మొదటి బొమ్మ అదే కావాలన్నారు. లేచి వస్తుంటే గుమ్మం దగ్గర ఆపి మరోమాట చెప్పారు.

"నా దగ్గర చదివేవాళ్ళు సముద్రం పక్కన పుట్టినవాళ్ళండీ. బొమ్మలో తేడా ఉంటే నన్ను నిలబెట్టి అడుగుతారు."

నేను నవ్వి, నా ఫోటోలో తేడా దొరకదన్నాను.

నాకు తోడుగా మాష్టారు కుదిర్చిన మనిషి ఖాదర్ బాషా. సినిమాహాలుకి బోర్డులు, స్టూడియోలకి పరదాలు వేసే పెయింటరు. పాతికేళ్ళుంటాయి, చేతివేళ్ళకి ఎప్పుడూ ఏదో ఒక రంగు. పీతల కోసం జానెడు సముద్రం వేసివ్వాలని చెబితే, సముద్రాన్ని జానెడు చెయ్యమన్న మొదటి మనిషివి నువ్వేనన్నా అని సాయంత్రానికి రెండు అట్టలు వేసి తెచ్చాడు. ఒకదాని మీద నీలంగా సముద్రం, ఇంకోదాని మీద గోధుమరంగు బురద. మేమిద్దరం హోటల్లో కాఫీ తాగాం. కొత్త పైసలు వచ్చి ఐదేళ్ళు కావస్తున్నా రెండణాలంటే పన్నెండు పైసలా పదమూడా అన్న పేచీ ఆ హోటల్లో ఇంకా నడుస్తోంది.

జువ్వలదిన్నె

బోర్లించిన పడవ నీడలో పెట్టె బిగించాం. మూడు వైపులా పలకలు, పైన తెల్లగుడ్డ, లోపల రేకు పళ్ళెంలో ఇసుక, వెనక బాషా సముద్రం. పీతలు కదలకుండా ఉండటానికి కావలి సోడాకొట్టులో ఐసుగడ్డ కొని రంపపు పొట్టులో కప్పి తెచ్చాను. చల్లబడితే ఏ పురుగైనా మన మాట వింటుంది. ఇది నా పాత కిటుకు.

ఊరు ఊరంతా మూగింది. అసలు సముద్రం పదడుగుల దూరంలో టీనీళ్ళ రంగులో ఉంది. బాషా సముద్రం మాత్రం సినిమా పాటలోలా నీలంగా ఉంది. ఒకాయన పెట్టెలోకి తల దూర్చి, ఆ మంచి సముద్రం ముందు తనకొక ఫోటో తీయమన్నాడు. వెనక ఉన్నది బాగులేదా అంటే, అది రోజూ చూసేదే కదా అన్నాడు. ఒక్క ఫిల్ము కూడా వృథా చేయలేనని బతిమాలుకున్నాను.

ఎర్రపీతను చల్లబరిచి, ఇసుకలో కూర్చోబెట్టి, అద్దంతో ఎండను మళ్ళించి పద్నాలుగు ఫోటోలు తీశాను. బుద్ధిమంతుడిలా కూర్చుంది. పనయ్యాక పోలమ్మ అనే ఆవిడ, చేపల గంప దించుకుని వచ్చింది. యాభై దాటిన మనిషి. పెట్టెలోకి వంగి చాలాసేపు చూసింది.

"దీనికి జొరమా నాయనా?"

లేదు అక్కా, బాగానే ఉందన్నాను.

"మరి కళ్ళు పండబెట్టుకోని ఉండాదే. బతికిన పీత కళ్ళు ఎత్తకుండా యాడన్నా ఉంటదా?"

వంగి చూశాను. నిజమే. ఇసుక మీద పరుగెత్తేవాటికి కళ్ళు అగ్గిపుల్లల్లా నిలబడి ఉన్నాయి. నా పీత కళ్ళు రెండూ పక్కనున్న గాడుల్లోకి ముడుచుకుని పడుకున్నాయి. కాళ్ళు సర్దాను, ఇసుక చదును చేశాను, నీడ సరిచూశాను. పద్నాలుగుసార్లు కెమెరా అద్దంలోంచి చూసి కూడా కళ్ళు చూడలేదు. మాష్టారి పిల్లలు మొదట అడిగేది ఆ కళ్ళ గురించే.

పోలమ్మ పీతను చేత్తో తీసి తడి ఇసుకలో వదిలి, అన్నం తిన్నారా అని అడిగింది. వాళ్ళ గుడిసె ముందు కూర్చోబెట్టి జొన్నన్నం, ఎండురొయ్యల కారం పెట్టింది. మేం తింటుండగా ఆ పీత కళ్ళు ఒక్కొక్కటిగా లేపి, మమ్మల్ని చూసి, పరుగు తీసింది.

ఉప్పుకాలువ మీద

మర్నాడు ఉప్పు వేసుకుని దక్షిణానికి వెళ్ళే పడవ ఎక్కాం. పడవ సుబ్బయ్యది. గాలి ఉంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగుతారు. కాలువ అంటే నాకు మా ఏలూరు కాలువే. రెండు పక్కలా వరిచేలు, కొబ్బరిచెట్లు, దోసిలి పట్టి తాగే గోదావరి నీళ్ళు. ఆ అలవాటు మీద పొద్దున్నే పడవ అంచున కూర్చుని రెండు దోసిళ్ళు నోట్లో పోసుకున్నాను. ఉప్పు. పక్కా సముద్రపు ఉప్పు. సుబ్బయ్య నవ్వు ఆపుకోలేక తెడ్డు వదిలేశాడు. ఇక్కడ కాలువ పడవలు నడవడానికే, తాగడానికి కాదట. మంచినీళ్ళు కావాలంటే పడవ ఆపి, ఇసుకలో చెలమ తీసి, కుండలు నింపుకోవాలి. రెండు పక్కలా తాటిచెట్లు, సరుగుడు తోటలు, ఎండలో మెరిసే ఉప్పుమళ్ళు. చేను అన్నది లేదు.

రోజంతా బాషా, నేను వాదించుకున్నాం. ఐసు వాడటం తప్పేనని నేను ఒప్పుకున్నాను. కానీ పెట్టె తప్పు కాదన్నాను. బయట గాలి, అల, ఎండ ఏదీ మన చేతిలో ఉండదు. పెట్టెలో ప్రతి కాలూ లెక్కపెట్టుకునేలా తీయొచ్చు. బాషా పరదాలవాడు, అతనూ నా పక్షమే.

"పెళ్ళికూతుర్ని స్టూడియోకి తెస్తే ఆ పిల్లా కళ్ళు దించుకోనే ఉంటది గదన్నా. అది జబ్బా? పీతకీ అంతే అనుకుంటే సరిపాయె."

ఇద్దరం నవ్వుకున్నాం. ఐసు కరిగి అప్పటికే కాలువలో కలిసిపోయింది.

కృష్ణపట్నం దగ్గర బురద

మరుసటి సాయంత్రం కృష్ణపట్నం దగ్గర మడచెట్ల పక్కన పడవ కట్టారు. పోటు తగ్గి నీరు తీసిన బురద మీద మాష్టారి పీతలు వందలు. ఒక్కొక్కటీ బొటనవేలంత. దూరం నుంచి చూస్తే బురదంతా చేతులు ఊపుతున్నట్టుంది. దగ్గరికి అడుగు వేస్తే అన్నీ బొరియల్లో.

బాషా ఒకదాన్ని పట్టాడు. పెట్టె బిగించి, పళ్ళెంలో బురద పోసి, వెనక బురద అట్ట పెట్టాం. పీత కూర్చుంది. ఈసారి కళ్ళు నిలబెట్టే ఉంది. కానీ పెద్ద చెయ్యి నోటి ముందు మడిచి, తలుపు గడియ వేసుకున్నట్టు కూర్చుంది. గంట గడిచింది. ఎండ వాలిపోతోంది. అప్పుడు నాకే తోచింది. బాషా పెయింటు డబ్బాలకి కట్టుకునే నల్లదారం ఉంది. దాన్ని ఉచ్చుగా చేసి చెయ్యికి తగిలించి, పైనుంచి కనిపించకుండా లాగితే చెయ్యి లేస్తుంది.

లేచింది. అద్దంలో చూస్తే అచ్చం మాష్టారు చెప్పినట్టే, చెయ్యి నిటారుగా. టక్కున నొక్కాను. ఇంకొకటి తీద్దాం, కొంచెం పైకి లాగమన్నాను. బాషా లాగాడు. దారం తేలికైపోయింది. దారం చివర చెయ్యి వేలాడుతోంది. పీత లేదు. తన ఒంటికన్నా పెద్దదైన చెయ్యిని మాకు వదిలేసి, పళ్ళెం అంచు దాటి, బురదలో పడి ఏదో బొరియలోకి దూరింది.

బాషా దారం పట్టుకునే నిలబడ్డాడు. ఆ చెయ్యి ఇంకా చిన్నగా మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంది. ఫోటో వచ్చిందిగా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఇంక నేను దారం పట్టుకోనన్నా," అన్నాడు బాషా. "కోపం ఏం లేదు. పట్టుకోను, అంతే."

పడవలో సుబ్బయ్య వంకాయ, ఎండుచేపలు కలిపి కూర చేశాడు. బాషా రెండు ముద్దలు తిని లేచాడు. నేను మాత్రం కడుపునిండా తిన్నానని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

తెల్లవారాక నీరు తీసే వేళకి నేను పెట్టె తీసుకోలేదు. కెమెరా ఒక్కటే మెడలో వేసుకుని దిగాను. దారిలో గెంతే చేపకీ గుల్లపీతకీ ఒక్కొక్కటి పోగా, రీలులో ఏడు ఫోటోలే మిగిలాయి. బాషా వెంట వచ్చాడు. గోచీ బిగించి ఇద్దరం బురదలో బోర్లా పడుకున్నాం. బెలోస్ పెట్టి తీయాలంటే పీతకూ నాకూ మధ్య మూరెడు దూరం కూడా ఉండకూడదు. అంత దగ్గరికి అది తనంతట తనే రావాలి. మొదటి పావుగంట ఏమీ లేదు. మోచేతులు దిగబడ్డాయి. ముక్కు మీద ఈగ. తర్వాత ఒక బొరియలోంచి రెండు కళ్ళు లేచాయి. తర్వాత ఇంకో రెండు.

ఒక్కొక్కటే బయటికొచ్చి, చిన్నచేత్తో బురద తీసి నోట్లో పెట్టుకోవడం మొదలుపెట్టాయి, మా సంగతి పట్టనట్టు. అప్పుడు నా ముందున్నది పెద్ద చెయ్యి పక్కకు చాచి, పైకెత్తి, మళ్ళీ ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఆఖరి బస్సును ఆపేవాడిలా ఉంది దాని తీరు. మళ్ళీ, మళ్ళీ. నేను ఆత్రపడి సరిగ్గా గురి చూసుకోకుండానే నొక్కాను. మొదటి రెండు ఫోటోలూ ఆ తొందరలోనే పోయాయి.

బాషా గుసగుసగా, బురద రంగు తప్పు వేశానన్నాడు. అట్ట మీద గోధుమరంగు పూశాడు గానీ ఇక్కడ బురద నిండా ఆకాశమే ఉందట. చూస్తే నిజంగానే బురద మీద పల్చటి తడి, అందులో తెల్లటి పొద్దుటి ఆకాశం. ఆ ఆకాశం మీద పీత నిలబడి చెయ్యి ఊపుతోంది.

సరిగ్గా అప్పుడే వెనక నుంచి సుబ్బయ్య కేక. గాలి లేచింది, తెరచాప ఎత్తుతున్నాడు. బాషా చెయ్యి ఎత్తబోతే నేను పట్టుకుని కిందికి దించాను. జవాబు చెబితే పీతలన్నీ లోపలికి. సుబ్బయ్య ఇంకో రెండుసార్లు పిలిచాడు. మా బట్టలు, పెట్టె, మంచినీళ్ళు అన్నీ పడవలోనే ఉన్నాయి. మేం కదల్లేదు. తడ దగ్గర రేవులో కట్టెలు ఎక్కించడానికి ఒకరోజు ఆగుతామని ముందే చెప్పాడు కాబట్టి అక్కడ దొరుకుతాడులే అనుకున్నాను. ఏడో ఫోటో నొక్కేసరికి పడవ మలుపు తిరిగింది.

తడ

ఒంటినిండా బురదతో కృష్ణపట్నం ఊళ్ళోకి వెళితే టీకొట్టతను బెంచీ మీద కూర్చోనివ్వలేదు. ముందు నాలుగు కడవల నీళ్ళు పోసి, తన పంచెలు రెండు ఇచ్చి, అప్పుడు టీ ఇచ్చాడు. ఎక్కడ మునిగారని అడిగితే పీతల కోసమన్నాం. బుట్ట ఏదీ అన్నాడు. బాషా నా కెమెరా చూపించి, అన్నీ ఇందులోనే ఉండాయి అన్నాడు. పంచెలు తిరిగి పంపిస్తామంటే, ఈ దారిన వచ్చినప్పుడు ఇస్తురులే అన్నాడు.

నా మొలలో దోపుకున్న డబ్బుతో నెల్లూరు మీదుగా రైల్లో తడ చేరి, పడవ కోసం ఒకటిన్నర రోజు ఎదురుచూశాం. అక్కడ తెలుగులో మొదలుపెట్టిన వాక్యం అరవంలో ముగుస్తుంది. హోటలాయన ఇడ్లీల మీద అడక్కుండానే సాంబారు కుమ్మరించాడు. మా వైపు ఇడ్లీ, పచ్చడి ఒకదాన్నొకటి మర్యాదగా పలకరించుకుంటాయి గానీ ఇలా మునిగిపోవు. మూడో ఇడ్లీకి ఆ మునకా బాగానే ఉందనిపించింది.

పడవ వచ్చింది. సుబ్బయ్య తప్పు తనదన్నట్టు ముఖం పెట్టుకుని మా సామాను దించాడు. దారిలో పొయ్యికి గాలి తగలకుండా బాషా వేసిన సముద్రం అడ్డం పెట్టుకున్నాడట. సగం మసి. రేకు పళ్ళెంలో బియ్యం కడిగాడట. ఏమంటాడోనని బాషా వంక చూశాను. అతను అట్టను అటూ ఇటూ తిప్పి, ఇప్పుడు తుఫాను వచ్చిన సముద్రంలా ఉంది, ముందుకన్నా ఇదే నయం అన్నాడు.

మళ్ళీ కావలి

బాషా స్నేహితుడి స్టూడియోలో ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసుకుని శనివారం సాయంత్రం మాష్టారి ఇంటికి వెళ్ళాం. బల్ల మీద వరసగా పరిచాను. మాష్టారి చెయ్యి నేరుగా ఒకదాని మీదికి వెళ్ళింది. చెయ్యి నిటారుగా ఎత్తిన పీత. ప్రతి కాలూ స్పష్టంగా ఉంది, దారం ఎక్కడా కనిపించదు. కళ్ళజోడు పైకి తోసుకుని, నేను కోరుకున్నది ఇదేనండీ అన్నారు. ఆయన ముఖం పిల్లవాడి ముఖంలా వెలిగిపోయింది.

నోరు మూసుకుంటే అయిపోయేది. తూనీగ విషయంలో మూసుకున్నాను కదా. బాషా గోడ మీద క్యాలెండరు వైపు చూస్తున్నాడు, నన్ను ఇరికించకూడదని.

"ఆ చెయ్యి అది ఎత్తలేదు మాష్టారూ. మేం దారంతో ఎత్తాం. రెండోసారి లాగితే చెయ్యి ఊడి మా దగ్గర ఉండిపోయింది."

ఆయన ఫోటోను కింద పెట్టారు. పీత బతికే వెళ్ళిందా అని అడిగారు. పరుగెత్తిందన్నాను. అయితే మళ్ళీ మొలుస్తుందిలెండి, మొదట చిన్నది వస్తుంది, పెద్దదవడానికి చాలా కాలం పడుతుంది అన్నారు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

తర్వాత బురదలో తీసినవి చూశారు. ఏడింటిలో నాలుగు నిలిచాయి. వాటిలోనూ ఊపే చెయ్యి కాస్త చెదిరింది, ఒకదానిలో ఇంకో పీత అడ్డం వచ్చింది. వెనక ఆకాశం నిండిన బురద. మాష్టారు చాలాసేపు చూసి, ఇవే వెయ్యాలి అన్నారు. వెంటనే ఆయనకే దిగులు పట్టుకుంది. పుస్తకం కాగితం ముతకది, అచ్చుకి బ్లాకు చేస్తే ఇవి మరకల్లా వస్తాయి, పిల్లలు కాళ్ళు ఎలా లెక్కపెడతారు?

"కాళ్ళు నేను గీస్తా సార్," అన్నాడు బాషా. "పక్కన బొమ్మ ఏసుకోండి. ఫోటోలో దాన్ని ఉన్నట్టే ఉండనీయండి."

పెన్సిలు అడిగి, దారం ఫోటోను బోర్లించి దాని వెనకవైపే గీయడం మొదలుపెట్టాడు. కళ్ళు ముందు వేశాడు, నిటారుగా. తర్వాత కాళ్ళు. తర్వాత పెన్సిలు ఆపి, పెద్ద చెయ్యి ఏ పక్క వెయ్యాలని అడిగాడు, కుడా ఎడమా? మాష్టారు అదేం ప్రశ్న అన్నట్టు కుడి అన్నారు. నమ్మకం కోసం బీరువాలోంచి సీసా తీసి పెట్టారు. బళ్ళో ఆయన ఏళ్ళ తరబడి చూపించే పీత, మందునీళ్ళలో తేలుతోంది. దాని కుడిచెయ్యే పెద్దది.

"బురదలో రెండు రకాలూ ఉండాయి సార్," అన్నాడు బాషా.

మాష్టారు నా వైపు చూశారు. భూతద్దం తెచ్చి నా నాలుగు ఫోటోలూ వెతికాం. మూడింటిలో ఎడమ, ఒకదానిలో కుడి. ఆయన రాతప్రతి తెరిచి, ఆ పేజీ వెతికి, 'కుడిచెయ్యి' అన్న మాటను అడ్డంగా కొట్టేశారు. కలం ఎత్తి పట్టుకుని, అక్కడ కుడివి ఎన్ని, ఎడమవి ఎన్ని అని అడిగారు. మేం లెక్కపెట్టలేదన్నాం. జువ్వలదిన్నె దగ్గర కాలువ గట్టున కూడా అవి ఉంటాయి కదా, రేపు ప్రార్థన అయిపోగానే పోదాం, మీ రైలు సోమవారానికి పెట్టుకోండి అన్నారు.

ఆదివారం నాకు ఫిల్ము లేదు, చేయడానికి పనీ లేదు. గట్టు మీద కూర్చుని మాష్టారి భార్య కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర తింటూ చూశాను. చర్చికి వేసుకున్న తెల్లజుబ్బాతోనే ఆయన బురదలో బోర్లా పడుకున్నారు. పక్కన బాషా. పావుగంట దాకా ఇద్దరూ కదల్లేదు. తర్వాత మాష్టారి పెదవులు కదలడం కనిపించింది. ఎడమ, ఎడమ, కుడి, ఎడమ అని ఆయన గొణుగుతుంటే, బాషా బురదలోంచి చెయ్యి ఎత్తకుండా ఒక్కొక్క వేలే మడుస్తున్నాడు.